తడిగుడ్డ

"తాళం పట్టి లాగితే ఊడొస్తుందా? చెయ్యి నొప్పి పుడుతుంది, అంతే. ఇట్రా. సాక్సులు లేకుండా ఆ చల్లటి గచ్చు మీద నిలబడకు."

ఎసా మాక్ వంటింట్లోంచి తల తిప్పకుండానే అంది. మాక్ అంటే మా దగ్గర అమ్మ; రఫీదాకి ఆవిడ అత్తగారు. రఫీదా వినిపించుకోలేదు. ఇనప జాలీ తలుపు కమ్మీలు రెండు చేతులా పట్టుకుని ఇంకోసారి ఊపింది. బయట వేలాడుతున్న తాళం ఠంగుమని కమ్మీకి కొట్టుకుని ఊరుకుంది.

"మాక్, ఆయన నిజంగానే తాళం వేసుకుపోయారు."

"వేస్తే వేశాడు. బాలింతవి. బయట నీకేం పని?"

"నాకేం పనో మీకు తెలీదూ? నిన్న మన్‌మాయ ఇవే కమ్మీలు పట్టుకుని ఏడ్చినప్పుడు మీరు నా వెనకాలే ఉన్నారు. వస్తాను, వచ్చి చెబుతాను అని నేను మాటిచ్చినప్పుడూ ఉన్నారు."

"మాటిచ్చే ముందు నన్నడిగావా?"

రఫీదా కమ్మీలు వదిలేసింది. అత్త అడిగినదానికి జవాబు లేకపోవడం ఆ ఇంట్లో ఓడిపోవడం కింద లెక్క.

హిషాం రెండు తాళంచెవులూ పట్టుకుపోయాడు. ఒకటి తన జేబుది. రెండోది రఫీదా సంచిలోది. ఆమె ఫోను కూడా కనిపించడం లేదు. పొద్దున్నే తలారా స్నానం చేసి, పాప నుదుటి మీద ముద్దు పెట్టి, రఫీదాని ముద్దుపేరుతో పిలిచి, "ఇదా, ఇవాళ హాయిగా పడుకో, ఏమీ ఆలోచించకు" అని ఎంతో మెత్తగా చెప్పి మరీ వెళ్ళాడు. అప్పుడే అనుమానించాల్సింది. మొగుడు ఊరికే మెత్తబడితే ఎక్కడో కొంప మునిగిందని మా ఫ్లాట్లలో చిన్నపిల్లనడిగినా చెబుతుంది.

ఇవాళ టీ వేళకి కంపెనీలో విచారణ. రఫీదా కింద పనిచేసే మన్‌మాయ మీద.

"మాక్, మీ దగ్గర ఇంకో చెవి ఉందా?"

"నా దగ్గరెందుకుంటుంది?"

"పోయిన ఏడాది ఆయన చెవి పారేసుకున్నప్పుడు మీరేగా ఎక్కణ్ణించో తీసిచ్చారు."

"అది అప్పుడు." ఎసా మాక్ పొయ్యి మంట తగ్గించింది. "కొర్రమీను చారు అవుతోంది. మిరియం ఘాటు తగిలితే ఆ ఆవేశం కాస్త దిగుతుంది. కూర్చో."

మాటల్లోనే వచ్చి కోడలి నడికట్టు పట్టుకుని చూసింది. వదులైంది. తలుపు ఊపీ ఊపీ వదులు చేసుకుంది. ముసలావిడ పళ్ళు బిగించి, గుడ్డ చుట్లు ఒక్కొక్కటీ లాగి, రఫీదాకు ఊపిరాడనంత గట్టిగా కట్టింది.

"మాక్, ఊపిరాడట్లేదు."

"ఆడుతుంది. మా అమ్మ నాకింతకంటే గట్టిగా కట్టింది. నేను చచ్చానా?"

*

కొర్రమీను చారు గిన్నె ముందు పెట్టుకుని రఫీదా చెయ్యి కడుక్కోలేదు. ఎదురుగా ఎసా మాక్ కరిపాప్‌ల పిండి పిసుకుతోంది. సాయంత్రం మసీదు దగ్గర ఆవిడ బల్ల పెట్టేసరికి పిల్లలు మూగుతారు. లోపల కూర పెట్టి నూనెలో వేయించే, పొర మీద పొర తేలే ఆ కరిపాప్‌లకు ఈ చుట్టుపక్కల పెద్ద పేరు.

"తిను."

"ఆ పిల్లని ఊరికి పంపించేస్తారు, మాక్."

"నేపాల్ పిల్ల. ఎప్పటికైనా పోవాల్సిందే."

"దొంగ అని ముద్ర వేసి పంపడం వేరు. జెల్లు పలచన చేసింది, మిషన్ పాడు చేసింది, ఆస్పత్రుల నుంచి సరుకు వెనక్కి రావడానికి ఇదే కారణం అని కాగితం మీద వేలిముద్ర వేయించి పంపుతారు. మళ్ళీ ఏ దేశంలోనూ దానికి పని దొరకదు."

"అయితే ఏం చెయ్యమంటావు? నువ్వెళ్ళి నెత్తిమీద వేసుకుంటావా? నా కొడుకు షాం సూపర్‌వైజర్ అవుతాడని మసీదు దగ్గర నలుగురికీ చెప్పాను నేను. రేపో మాపో పేరు బోర్డు మీద పడుతుంది. ఇప్పుడు పెళ్ళామే వెళ్ళి తప్పు మాదేనంటే ఆ పేరు ఉంటుందా? నా మొహం ఉంటుందా?"

"మీ మొహం, ఆయన పేరు. బాగుంది." రఫీదా పాప పడుకున్న వైపు చెయ్యి చూపించింది. "మధ్యలో పసిపిల్లలున్నారు, మాక్. అది మీ ఇద్దరికీ ఎక్కదు."

మొగుడూ పెళ్ళాలిద్దరూ పనిచేసేది ఒక్కచోటే. గుండె బిళ్ళలు చేసే కంపెనీ. ఛాతీ మీద అంటించి తీగ తగిలిస్తే గుండె కొట్టుకోవడం తెర మీద గీతలుగా కనిపిస్తుందే, ఆ బిళ్ళలు. ఎలక్ట్రోడ్లని రాసుంటుంది పెట్టె మీద. లైన్లో ఎవరూ ఆ పేరు పలకరు. మెత్తటి స్పాంజి చక్రం, మధ్యలో వెండి పూత పూసిన బొడిపె, దానిమీద చుక్కంత జెల్లు. ఆ జెల్లులోని ఉప్పే గుండె కబురు తీగకు అందిస్తుంది. జెల్లు ఎండకూడదు, పలచబడకూడదు. మిషన్ జెల్లు చుక్క వేయగానే ట్రేలను సీలింగ్‌కి పంపి, రేకు సంచిలో పెట్టి మూతి మూసేయాలి. రఫీదా ఆ లైన్‌కి లీడర్. హిషాం మిషన్లు బాగుచేసే టెక్నీషియన్. మన్‌మాయ మూడో మిషన్ మీద జెల్లు వేసే పిల్ల.

"పసిపిల్లల గొడవ నాకు చెప్పకు." ఎసా మాక్ పిండిని బల్ల మీద దబ్బున వేసింది. "మన పాప బంగారంలా ఉంది. చూడు, ఎలా నిద్రపోతోందో."

"బంగారంలానే ఉంది. పుట్టినప్పుడు ఎలా ఉందో మర్చిపోయారా?"

నెలలు పూర్తిగా నిండకుండా పుట్టిన పిల్ల. మొదట్లో కొన్నాళ్ళు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. ఛాతీ మీద ఇంతింత బిళ్ళలు అంటించి.

"బిళ్ళ ఊడినప్పుడల్లా మిషన్ కూసేది. నర్సు పరిగెత్తుకొచ్చి ఇంకోటి అంటించేది. అదీ జారిపోయేది. పిల్ల చర్మం ఎర్రగా కందిపోయింది. చివరికి ఆ నర్సు ఏం చేసిందో తెలుసా? 'ఈమధ్య వచ్చేవన్నీ ఇంతేనమ్మా, ఉత్తినే కూస్తాయి' అని కూత చప్పుడు తగ్గించేసింది. నేను కుర్చీలో కూర్చుని పిల్ల ఊపిరి వంకే చూస్తూ ఉండిపోయాను. ఏది ఉత్తి కూతో, ఏది నిజం కూతో ఎలా తెలుస్తుంది మాక్, చప్పుడు తగ్గించేశాక?"

ఎసా మాక్ చేతులు ఆగాయి.

"ఆ రేకు సంచి చెత్తబుట్టలోంచి తీసి చూశాను. మన కంపెనీదే. మన లైన్‌దే. కానీ మూడో మిషన్‌ది కాదు. ఒకటో మిషన్ గుర్తుంది దానిమీద."

"అయితే?"

"అయితే, మన్‌మాయ చెయ్యి కూడా తగలని బిళ్ళలవి. తప్పు మన్‌మాయది అని తేలిస్తే మూడో మిషన్ సరుకొక్కటే వెనక్కి తెప్పిస్తారు. ఒకటీ రెండూ మిషన్లవి ఆస్పత్రుల్లోనే ఉండిపోతాయి. మన పాప ఇంటికొచ్చేసింది. పక్క పెట్టెలో ఇంకో పిల్ల ఉండేది, గుర్తుందా? పిడికెడంత. ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది."

పాప నిద్రలో కదిలి మూలిగింది. ఇద్దరూ ఒక్కసారే అటు చూశారు. మళ్ళీ సద్దుమణిగింది.  ఎసా మాక్ పిండిముద్దను గుండ్రంగా చేసి గిన్నెలో పెట్టింది. అలవాటుగా పక్కనున్న గుడ్డను కుళాయి కింద తడిపి, గట్టిగా పిండి, పిండి మీద కప్పింది.

రఫీదా ఆ చేతుల వంకే చూస్తోంది.

"ఇంతకీ నువ్వు చేసిందేంటే?" అత్త గొంతు తగ్గించి అడిగింది. "షాంని అడిగితే మిషన్ గొడవ, నీకర్థం కాదంటాడు. నువ్వేమో తప్పు నాదే, తప్పు నాదే అంటావు. నీళ్ళు నమలకుండా చెప్పు."

"చెబితే మీరు తట్టుకోలేరు."

"మొగుణ్ణి మట్టిలో పెట్టి, ఈ చేతులతో పిండి పిసికి కొడుకుని పెంచాను. నేను తట్టుకోలేనిదేంటి?"

రఫీదా గిన్నె పక్కకు జరిపింది.

"ఉపవాసాల నెలలో సాయంత్రం షిఫ్టు మాది. ఉపవాసం విడిచే మగ్రిబ్ బాంగు వినబడేసరికి పిల్లలందరికీ నాలుకలు పిడచగట్టుకుపోయి ఉండేవి. తెల్లారుజామున తాగిన నీళ్ళు, మళ్ళీ అప్పటిదాకా చుక్క లేదు. రూల్ ప్రకారం ట్రేల్లో ఉన్న సరుకంతా సీలు వేశాకే లైన్ వదలాలి. అది అయ్యేసరికి క్యాంటీన్‌లో చల్లారిపోయిన అన్నమే మిగులుతుంది. నా కడుపులోనూ పిల్ల ఉంది కదా, వాళ్ళ మొహాలు చూడలేకపోయాను. పొండే, పోయి ముందు గొంతులు తడుపుకోండి, వచ్చాక సీలు వేద్దాం అన్నాను."

"అందులో తప్పేముంది? పుణ్యం."

"జెల్లు ఎండిపోతుంది కదా మాక్, మేము తినొచ్చేలోపు."

"ఊఁ."

"అందుకని తుడుచుకునే గుడ్డలు కుళాయి కింద తడిపి, పిండి, ట్రేల మీద కప్పాను."

వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఎసా మాక్ గిన్నె మీద కప్పిన గుడ్డ వంక చూసింది. చూసి చూపు తిప్పుకుంది.

"మొదటిరోజు ఎండలేదు. పైకి మెరుస్తూ ఉంది. ఎంత బాగుందో అనుకున్నాను. నెలంతా అలాగే చేశాం. జెల్లు కుళాయి నీళ్ళు తాగేసిందని, దాని ఉప్పు చచ్చిపోయిందని, చుట్టూ ఉన్న జిగురు నానిపోయిందని నాకు తెలియలేదు. మన్‌మాయకి ఉపవాసం లేదుగా, అది లైన్లోనే ఉండేది. 'దీదీ, ఇలా తడిగుడ్డ వేయొచ్చా? నేనొక్కదాన్నే ఉండి సీలు వేస్తానుగా' అంది. నాకు తెలుసులేవే, ఊరుకో అన్నాను. ట్రేల దగ్గర ఉన్నది అదొక్కతే కాబట్టి ఇప్పుడు పాపమంతా దానిదైంది. తడిగుడ్డ సంగతి అది చెప్పింది కూడా. లైన్లో పిల్లలెవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అందరికీ చుట్టుకుంటుందిగా."

"షాంకి తెలుసా?"

"రోజూ చూసేవారు. అందరికంటే ముందు క్యాంటీన్‌కి పరిగెత్తింది ఆయనే."

ఎసా మాక్ స్టూలు మీద కూర్చుంది.

"నీకా బుద్ధి ఎక్కణ్ణించి పుట్టింది? గుండెకు పెట్టే వస్తువు మీద తడిగుడ్డ కప్పమని నీకెవరు చెప్పారు?"

రఫీదా చూపు పిండి గిన్నె మీది గుడ్డ మీద పడింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇదే వంటింట్లో కరిపాప్ పిండి ఎండి బీటలు వారితే అత్త చీవాట్లు పెట్టింది. 'తడిగుడ్డ కప్పాలని కూడా నేర్పలేదా మీ అమ్మ? ఏదైనా సరే, ఎండకూడదంటే తడిగుడ్డ కప్పాలి' అని. చెప్పి ఊరుకోలేదు, వచ్చిన చుట్టాలందరి ముందూ చెప్పి నవ్వింది. అలాంటి చీవాట్లు ఆడపిల్ల జన్మలో మర్చిపోదు.

ఆ సంగతి రఫీదా ఇప్పుడు నోరు తెరిచి అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

"నేను పిండికి చెప్పానే!" ఎసా మాక్ అరిచింది. "కరిపాప్ పిండికి చెప్పాను! పిల్లల గుండెలకు కాదు!"

"నేను మిమ్మల్ని అనలేదు, మాక్."

"అనకపోతే ఏం? చూపుతో అన్నావుగా!"

ఆవిడ లేచి, గిన్నె మీది గుడ్డ లాగి, దూరంగా విసిరింది. అది గోడకు కొట్టుకుని జారి కిందపడింది. ఇద్దరూ దాన్ని తీయలేదు.

కాసేపటికి ఎసా మాక్ తల ఎత్తకుండానే అడిగింది. "మూడు మిషన్లవీ కప్పావా?"

"మూడింటివీ. నెలంతా."

*

"ఏంటే ఇదా, మీ ఆయన నిన్ను నగల కొట్లో నెక్లెసులా తాళం వేసి పెట్టి పోయాడు?"

ఎదుటి ఫ్లాటు గైక్ ఆంటీ. చేతిలో చెత్తసంచి, చెవి వెనక ఎప్పుడూ ఉండే పెన్సిలు. లాటరీ అంకెలు రాసుకునే పెన్సిలు అది. చైనావాళ్ళమ్మాయి ఈ బ్లాకులోనే పుట్టి ఈ బ్లాకులోనే ముసలిదైంది. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాసనని బట్టి చెప్పగలదు.

"ఆంటీ, మీ ఫోను ఒక్కసారి ఇవ్వరూ?"

"నీ ఫోనుకేమైంది?" అంటూనే కమ్మీల సందులోంచి చాచింది. నోరు పెద్దదే గానీ చెయ్యి కూడా పెద్దదే ఆవిడది.

రఫీదా గోడకు వేలాడుతున్న కంపెనీ కార్డు వెనకనున్న నంబరు చూసి నొక్కింది.  క్వా మేడమ్ కావాలంది. సరుకు నాణ్యత చూసే పెద్దావిడ. విచారణ జరిపేది ఆవిడే. ఫోను స్పీకర్లో పెట్టింది, గైక్ ఆంటీకి వినపడినా సరే అనుకుంది. సాక్షి ఉండటం మంచిదే.

"రఫీదా! ఎలా ఉన్నావమ్మా? పాప ఎలా ఉంది?"

"బాగున్నాం మేడమ్. మన్‌మాయ తప్పేం లేదు మేడమ్. ట్రేల మీద తడిగుడ్డలు కప్పింది నేను. ఉపవాసాల నెలంతా. మూడు మిషన్లవీ. ఆ నెల సరుకంతా వెనక్కి తెప్పించాలి మేడమ్, ఒక్క మూడో మిషన్‌ది కాదు..."

గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. 

"రఫీదా," మేడమ్ గొంతు పసిపిల్లతో మాట్లాడినట్టు ఉంది. "నువ్వు ఇవేమీ పెట్టుకోకు. హిషాం అంతా చెప్పాడు."

"ఏం చెప్పారు?"

"ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదమ్మా. మా అక్కకీ కాన్పు తర్వాత ఇలాగే అయింది. జరిగిన ప్రతిదీ తన వల్లే అనుకునేది. ఆస్పత్రిలో పాపని అలా చూసి నీ మనసు చెదిరింది. మీ అత్తగారే గుర్తుపట్టారటగా, మెరోయాన్ అని. పెద్దవాళ్ళకి తెలుస్తుంది."

మెరోయాన్ అంటే మా దగ్గర బాలింతలకు తగిలే పిచ్చిగాలి. ఆ మాట ఒకసారి మీద పడిందంటే ఇక ఆడది నవ్వినా పిచ్చే, ఏడ్చినా పిచ్చే, నోరు మూసుకుంటే మరీ పిచ్చి.

"నాకు పిచ్చి లేదు మేడమ్!" రఫీదా అరిచింది. అరిచినందుకు తనకే భయం వేసింది. గొంతు తగ్గించి, "నేను మామూలుగానే ఉన్నాను. ఒకటో మిషన్ సంచి నా దగ్గరుంది. ఆస్పత్రి నుంచి తెచ్చాను, చెత్తబుట్టలోంచి తీసి దాచాను" అంది.

తన మాటలు తన చెవులకే ఎలా వినిపించాయో అప్పుడు తెలిసింది ఆమెకు. చెత్తబుట్టలోంచి తీసి దాచాను.

"అలాగేనమ్మా," అంది మేడమ్ ఇంకా మెత్తగా. "సంచి జాగ్రత్తగా పెట్టుకో. పాప ఏడుస్తున్నట్టుంది, చూసుకో. హిషాంకి నీమీద ఎంత ప్రేమో తెలుసా? విచారణ మొదలయ్యేలోపు నిన్నోసారి చూసొస్తానని ఇప్పుడే బయలుదేరాడు. పడుకో, సరేనా?"

మేడమ్ పెట్టేసింది. రఫీదా కమ్మీల సందులోంచి ఫోను తిరిగిచ్చింది.

గైక్ ఆంటీ చెత్తసంచి పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడకు మాట దొరక్కపోవడం ఈ బ్లాకు చరిత్రలో మొదటిసారి.

పాప నిజంగానే ఏడుస్తోంది. రఫీదా వెళ్ళి ఎత్తుకుంది. పాలు పడుతూ గోడకు ఆనుకుని కూర్చుంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ప్రాణం. తలుపుకి తాళం, నడుముకి కట్టు, నోటికి పిచ్చి. ఇన్ని తాళాలు ఒక్క మనిషికి ఎందుకు? కళ్ళనీళ్ళు పాప బుగ్గ మీద పడుతుంటే తుడుస్తూనే ఉంది, పడుతూనే ఉన్నాయి.

తల ఎత్తేసరికి వంటింటి గుమ్మంలో ఎసా మాక్. చేతులకు పిండి. మొహంలో రక్తం లేదు.

"నేనన్నానని చెప్పాడా?"

రఫీదా తల ఊపింది.

"మెరోయాన్ అని నేనన్నానా? ఎప్పుడన్నాను? నా నోటి వెంట వచ్చిందా ఆ మాట? ఇంట్లో పెట్టుకుని, కాపడం పెట్టి, చారు కాచి పోసి, నా కోడలికి పిచ్చి అని ఊరందరికీ నేను చెబుతానా?"

"మీరనలేదని మీ అబ్బాయితో చెప్పండి."

"తల్లి పేరు వాడుకున్నాడు." ఆవిడ మాట రఫీదాకి కాదు, గోడకి చెబుతున్నట్టుంది. "ఇన్నేళ్ళు పెంచితే, అబద్ధానికి తల్లి పేరు వాడుకున్నాడు."

*

కింద పార్కింగ్‌లో స్కూటర్ హారన్. పొట్టిగా రెండుసార్లు. హిషాం వస్తే అలాగే కొడతాడు.

ఎసా మాక్ చేతులు కడుక్కుంది. బియ్యం డబ్బా మూత తీసింది. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి ఏదో తీసి, బియ్యం దులిపింది.

తాళంచెవి.

రఫీదాకి ఒళ్ళు మండిపోయింది. "ఉంది! పొద్దుట్నించీ మీ దగ్గరే ఉంది! నేనక్కడ కమ్మీలు పట్టుకుని ఊగుతుంటే..."

"అరవకు. పిల్ల జడుసుకుంటుంది."

ఆవిడ తలగుడ్డ వేసుకుంది. బజారు బుట్ట చంకకు తగిలించుకుంది. దండెం మీద ఆరిన రఫీదా సాక్సులు తీసి జాలీ తలుపు పక్క స్టూలు మీద పెట్టింది. కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి తాళం తీసి బయటికి నడిచింది.

రఫీదా పాపతోనే లేచి పరిగెత్తింది. అప్పటికే జాలీ తలుపు మూసుకుంది. తాళం మళ్ళీ కొక్కేనికి తగిలింది.

"మాక్! ఎక్కడికి? మాక్, మీ కాళ్ళు పట్టుకుంటాను, తియ్యండి! ఆ పిల్ల అక్కడ నాకోసం చూస్తుంటుంది!"

"కొర్రమీను అయిపోయింది," అంది ఎసా మాక్. కోడలి మొహంలోకి చూడలేదు. గబగబా మెట్లవైపు వెళ్ళిపోయింది.

రఫీదా వంటింటి కిటికీకి పరిగెత్తింది. కింద హిషాం హెల్మెట్ తీస్తున్నాడు. ఎసా మాక్ ఎదురెళ్ళి నిలబడింది. ఏదో అంటోంది. కడుపు పట్టుకుంది. వంగింది. హిషాం పైకి చూశాడు, తల్లిని చూశాడు, మళ్ళీ పైకి చూశాడు. ఆవిడ అతని భుజం పట్టుకుని స్కూటర్ వెనక ఎక్కి కూర్చుంది.

బండి కదిలింది. మసీదు మూల దగ్గర ఎడమకి తిరిగితే కంపెనీ. కుడికి తిరిగితే క్లినిక్, చేపల బజారు.

కుడికి తిరిగింది.

అయిపోయింది అనుకుంది రఫీదా. చివరికి కొడుకునే ఎంచుకుంది. ఏ అత్తయినా అంతే. కిటికీ గట్టుకు నుదురు ఆనించి నిలబడింది. గోడ పక్కన తడిగుడ్డ ఇంకా అక్కడే పడి ఉంది.

"ఏమే మొద్దుమొహమా, ఇంకా సాక్సులు వేసుకోలేదా?"

జాలీ తలుపు అవతల గైక్ ఆంటీ. మంచి జాకెట్టు వేసుకుంది. పెదాలకి రంగు కూడా పూసుకుంది. చేతిలో గొడుగు.

"ఆంటీ?"

"మీ అత్త పోతూ పోతూ నా తలుపు తట్టింది. కారు పిలవమంది. వెనక గేటు దగ్గరికి వచ్చేస్తోంది. క్లినిక్‌లో వరస పెద్దదిగా ఉంటుంది, షాంని ఎంతసేపు ఆపగలనో అల్లాకే తెలుసు అంది. నువ్వు సాక్సులు లేకుండా గడప దాటితే నా కాళ్ళు విరగ్గొడతానంది. నీవి కాదు, నావి!"

"తాళం..."

"కళ్ళున్నాయా నీకు? చూడు."

రఫీదా చూసింది. తాళం కొక్కేనికి తగిలించి ఉంది, అంతే. కొక్కెం నొక్కుకోలేదు. వేలితో తిప్పితే ఊడి చేతిలోకొచ్చింది.

 స్టూలు మీద కూలబడి సాక్సులు తొడుక్కుంది. ఒకటి తిరగేసి తొడుక్కుంది, మళ్ళీ తీసింది. పాపని గుడ్డతో గుండెకు కట్టుకుంది. దాచిన రేకు సంచి లోపలి గదిలోంచి తెచ్చి తన చేతిసంచిలో వేసుకుంది. వంటింట్లోకి వెళ్ళి గోడ పక్క పడున్న తడిగుడ్డ తీసి, పిండి, మడిచి, దాన్ని కూడా చేతిసంచిలో పెట్టుకుంది.

"ఇంకోటి చెప్పమంది." గైక్ ఆంటీ గొంతు తగ్గింది. "ఆ బుద్ధి ఎక్కడిది అని మేడమ్ అడిగితే, మా అత్త నేర్పింది అని చెప్పమంది. ఆవిడ్నే పిలిపించమని చెప్పమంది. బాలింత మాట కొట్టేస్తారు గానీ ముసలిదాని మాట కొట్టేయలేరట."

రఫీదా చేతిసంచి భుజానికి తగిలించుకుంది. అలా చెబితే మసీదు దగ్గర ఆ కరిపాప్ బల్ల ముందు ఇక ఎవరు నిలబడతారు? చెప్పకపోతే తన మాట ఎవరు నమ్ముతారు? కారు ఎక్కాకయినా తేలుతుందో లేదో తెలియదు.

గడప దాటింది. ఎండ మొహాన కొట్టింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక బయటి గాలి తగలడం ఇదే మొదలు.

రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చింది. జాలీ తలుపు దగ్గరికి లాగి, తాళం కొక్కేనికి తగిలించి, ఈసారి గట్టిగా నొక్కింది. టక్కున పడింది. హిషాం ముందుగా తిరిగొస్తే తాళం వేసే ఉందనుకోవాలి, తాను లోపలే ఉందనుకోవాలి.

"అయ్యో, వేసేశావేంటే!" గైక్ ఆంటీ నోరు నొక్కుకుంది. "సాయంత్రం పిల్లతో తిరిగొస్తే లోపలికెలా పోతావు? చెవి ఉందా నీ దగ్గర?"

"లేదు ఆంటీ," అంది రఫీదా. పాప తల మీద చెయ్యి పెట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.